పెట్టె లేచేలోపు

మార్చి 2, సోమవారం

ఈ రోజు మేనేజరు పిలిచి ఒక ముసలి పద్ధతిని రిటైరు చేసే పని నాకు అప్పగించాడు. అప్పగించానని అతను అనుకుంటున్నాడు. ఎన్నాళ్ళుగానో నేనే అతని చెవిలో జోరీగలా పోరుతుంటే, చివరికి అది తన ఆలోచనే అనుకుని నాకు చెప్పాడు. మంచిదే. పని కావడం ముఖ్యం.

అతను అమ్మకాల వైపు నుంచి వచ్చిన మనిషి. "చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి మేడమ్" అన్నాడు. చెప్పాను. పడవల్లో మనం బిగించే దారిపెట్టెలో ఒక డిస్కు ఉంటుంది. లోతులు, రాళ్ళు, ఇసుక మేటలు, పడవ నడిపే సరంగులు గుర్తుపెట్టుకున్న చోట్లు అన్నీ దాంట్లోనే. పడవల్లో కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది కాబట్టి ఆ డిస్కులో రాతలు అక్కడక్కడ చెదురుతాయి. పాత పద్ధతి ఏమిటంటే, డిస్కు మొదట్లో ఫలానా పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టి పెట్టెను ఆపేయడం. మళ్ళీ లేచేటప్పుడు పెట్టె ఆ ఫైలు చూస్తుంది, తనిఖీ చేసుకోమన్నారని గ్రహిస్తుంది, డిస్కంతా మూలమూలలా వెతికి చెదిరినవి సర్దుతుంది, ఆ ఫైలును చెరిపేస్తుంది, అప్పుడు పనిలోకి దిగుతుంది. ఇదంతా అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు.

"ఇప్పుడు ఆ అవసరం లేదా?" అన్నాడు.

"ఇప్పుడు డిస్కు తన మానాన తానే సర్దుకుంటుంది. మరీ కావాలంటే కీబోర్డు తగిలించి, లేచేటప్పుడు ఒక మాట టైపు చేస్తే తనిఖీ మొదలవుతుంది. అదీ కొత్త పద్ధతి. ఖాళీ ఫైళ్ళు పెట్టి దండం పెట్టుకోవడం మన తాతల నాటి సంగతి" అన్నాను.

నవ్వాడు. పెట్టె ఇరవై సెకన్లలో లేవాలని అతని కోరిక. లేపుతాను.

దీనికీ తమ్ముడికీ ఏ సంబంధమూ లేదు. వాడి మాట నాకు గుర్తే లేదు.

మార్చి 4, బుధవారం

ఏదైనా తీసేసే ముందు ఎవరు వాడుతున్నారో చూడాలి. నేను గుడ్డిగా నరికే రకం కాదు. పడవ రేవులో ఉండి, పెట్టె వెలుగుతున్నప్పుడు అది మాకు రిపోర్టు పంపుతుంది. ఆ రిపోర్టుతో పాటు "ఆ పేరుతో ఫైలు ఉందా?" అని అడిగించాను. అన్ని రేవుల నుంచీ, అన్ని పెట్టెల నుంచీ జవాబు వచ్చింది.

ఒక్క పెట్టెలోనూ ఆ ఫైలు లేదు.

మీటింగులో ఆ మాట చెప్పి అందరి వంకా చూశాను. మేం గెడ్డం అని పిలిచే మా టెస్టింగు ఆయన తన గెడ్డం గోక్కున్నాడు. అతను గోక్కుంటే ఏదో పుల్ల పెడతాడని ఆఫీసంతటికీ తెలుసు.

"పడవలో కీబోర్డు ఎక్కడుంటుందండీ? టైపు చేయమంటే దేంతో చేస్తాడు?"

"ఎవరూ వాడనిదానికి కీబోర్డు ఎందుకండీ? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

అందరూ నవ్వారు. గెడ్డం కూడా నవ్వాడు. నాకు గెడ్డం అంటే ఇష్టమే, కానీ అనుమానం అతనికి ఆరో వేలు.

మార్చి 6, శుక్రవారం

భోజనాల దగ్గర మా ఆయన అడిగాడు. "తమ్ముడికి ఫోన్ చేశావా?"

"వాడు చేశాడా?"

"నువ్వు పెద్దదానివి కదా."

"పెద్దదాన్ని కాబట్టే వాడు చేయాలి."

మా ఆయన బడిలో లెక్కలు చెప్తాడు. ఎదుటివాళ్ళ తప్పు తేలేదాకా ఓపిగ్గా నిలబడే అలవాటు ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. మంచినీళ్ళు నా వైపు జరిపాడు.

జరిగింది ఇంతే. జనవరిలో ఒక ఆదివారం తమ్ముడి పడవ మీదికి వెళ్ళాను. దాని ముక్కుకు ఎర్రరంగు వేసుంటుంది, రేవులో దాన్ని అందరూ ఎర్రముక్కు అంటారు. వాడు సరంగు. పనివాళ్ళు అన్నం తింటున్నారు. తమ్ముడు వాళ్ళకు నన్ను చూపించి, "ఈవిడే, మా అక్క. ఈవిడ చేసిన పెట్టె లేచేలోపు నేను టీ కాచుకుని, తాగి, గ్లాసు కూడా కడిగేస్తాను" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పని అది. నా ముఖం మీదే నవ్వితే ఊరుకుంటానా? "పడవ నడిపేవాడికి పెట్టె గురించి ఏం తెలుసులే, స్విచ్చి నొక్కడం తప్ప" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. వాడు కంచం కింద పెట్టి, చేయి కడుక్కుని ఇంజను వైపు వెళ్ళిపోయాడు. నేను దిగి వచ్చేశాను. అప్పటి నుంచీ మాటల్లేవు.

నేనేమైనా అబద్ధం చెప్పానా?

మార్చి 9, సోమవారం

తీసేశాను. పాత కోడులో ఆ ఫైలు కోసం వెతికే వరసలన్నీ ఊడ్చేశాను. ఇంట్లో పాత సామాను బయట పడేస్తే వచ్చే హాయి దీంట్లో కూడా ఉంటుంది. పెట్టె ఇరవై సెకన్లు కూడా పట్టకుండా లేచింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు, మేనేజరు రెండుసార్లు ఆపి లేపి చూసుకున్నాడు.

అప్‌డేటుతో పాటు పంపే కాగితంలో కూడా రాశాను, "తనిఖీ కోరే ఖాళీ ఫైలును ఇకపై పెట్టె పట్టించుకోదు" అని. చిన్న అక్షరాల్లో, చివరి పేజీలో. అయినా రాశాను కదా.

మార్చి 11, బుధవారం

అప్‌డేటు అన్ని పడవలకూ వెళ్ళింది. ఎర్రముక్కుకు కూడా. అన్నింటితో పాటే అదీ, ప్రత్యేకంగా చూడలేదు. మధ్యాహ్నం ఒకసారి చూశాను.

మార్చి 14, శనివారం

మరదలు ఫోన్ చేసింది. తమ్ముడి మీద నా అలక తన మీద చూపించనని దానికి తెలుసు. పిల్లకు జ్యామితి రావడం లేదట, వాళ్ళ మామయ్యను ఒకసారి చెప్పమంది. ఆయన సంబరంగా ఒప్పుకున్నాడు. జ్యామితి అంటే చాలు, పెళ్ళి పిలుపు అందినట్టే ఆయనకు.

చివర్లో నేనే అడిగాను. ఊరికే, మాట కలపడానికి.

"పెట్టె ఎలా ఉందిట?"

"బ్రహ్మాండంగా ఉందిట వదినా. స్విచ్చి వేయగానే లేస్తోందిట. టీ తాగే తీరిక కూడా ఇవ్వడం లేదని గొణుగుతున్నారు."

చూశావా! వాడికి తెలిసింది. వాడికి తెలియాలని నేనేమీ చేయలేదు, కానీ తెలిసింది. ఇప్పుడు ఫోన్ చేసి "అక్కా, బాగుంది" అని ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోతుంది? రేపు ఆదివారం, చేస్తాడు.

మార్చి 15, ఆదివారం

చేయలేదు.

మార్చి 18, బుధవారం

పడవలవాళ్ళ ఫిర్యాదులు వినే ఆవిడను మేం ఫోనక్క అంటాం. ఎవడెంత అరిచినా "అలాగా నాన్నా" అని వింటుంది. ఈ రోజు నా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడింది. ఒక పడవలో పెట్టె లేవలేదట. సగం దాకా వచ్చి నల్లటి తెర పెట్టుకుని కూర్చుందట. సముద్రం మీద అలా అయితే ఇంకో పడవ వెనకే వచ్చారట.

"డిస్కు పాతదై ఉంటుంది. డిస్కులకూ ఆయుష్షు ఉంటుంది అక్కా" అన్నాను.

"ఆ మాటే చెప్పనా?"

"చెప్పు."

కొత్త డిస్కు పంపించారు.

మార్చి 20, శుక్రవారం

ఇంకొకటి. అదే రేవు.

ఉప్పుగాలి అన్నాను. ఆ రేవులో గాలి మరీ ఉప్పన, బోల్టులే తుప్పు పట్టిపోతాయి. ఫోనక్క "అలాగా" అంది. "నాన్నా" అనలేదు.

గెడ్డం తన కుర్చీలోంచి నన్ను చూసి గెడ్డం గోక్కున్నాడు. చూడనట్టు ఉన్నాను.

ఇంట్లో కూడా ఉప్పుగాలి గురించే చెప్పాను. "రెండుసార్లు ఒకే జవాబు వచ్చిందంటే, లెక్కయినా సరైనదై ఉండాలి, కాపీ అయినా కొట్టి ఉండాలి" అన్నాడు మా ఆయన. ఈయన్ని పెళ్ళి చేసుకున్నది నేనే, ఎవరినీ అనడానికి లేదు.

మార్చి 23, సోమవారం

రాయాలి. రాస్తాను.

ముసలి పద్ధతి రిటైరైపోయిందని ముగింపు రిపోర్టు ఇవ్వాలి కదా. దాంట్లో అందంగా ఉంటుందని పాత ప్రశ్నే మళ్ళీ వేయించాను, ఆ ఫైలు ఉందా అని. అదే ప్రశ్న, అక్షరం మార్చలేదు. సున్నా వస్తుందని ముందే రాసిపెట్టుకున్నాను కూడా.

నలభై పైగా పెట్టెల్లో ఉంది.

ప్రశ్న తప్పేమో అనుకున్నాను. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే జవాబు. అప్పుడు మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను. కూర్చోగానే అర్థమైంది.

ఫైలు చూడగానే తనిఖీ చేసి, ఫైలును చెరిపేసేది పెట్టే. ఆ మాట మేనేజరుకు నా నోటితో నేనే చెప్పాను. అంటే రాత్రి ఫైలు పెట్టి పెట్టె ఆపితే, పొద్దున పెట్టె లేచేసరికి ఆ ఫైలు ఉండదు. నాకు రిపోర్టు వచ్చేది లేచిన పెట్టె నుంచి. నిద్రపోయే పెట్టెలో మాత్రమే ఉండేదాన్ని, మేలుకున్న పెట్టెను అడిగి, లేదనగానే ఎవరూ వాడటం లేదని డప్పు కొట్టాను. ఊడ్చిన ఇంట్లో చెత్త లేదు కాబట్టి ఈ ఇంట్లో ఎవరూ ఊడవరని తేల్చినట్టు. ఆ ఫైలు ఎక్కడా కనబడలేదంటే, అందరూ రోజూ వాడుతున్నారని అర్థం. ఇప్పుడు చెరిపే కోడును నేను తీసేశాను కాబట్టి వాళ్ళు పెట్టినవి పెట్టినట్టే పడున్నాయి, చూసే దిక్కు లేక.

ఆ రేవులో పెట్టెలు బాగుచేసే మెకానిక్కుకు ఫోన్ చేశాను. హుషారైన మనిషి.

"అదా మేడమ్! తెర మీద 'శుభ్రం' అని ఒక బటను పెట్టానుగా. సాయంత్రం ఆపేముందు నొక్కుతారు, ఫైలు పడుతుంది, పొద్దున పెట్టె తనిఖీ చేసుకుంటుంది. మీ పాత పుస్తకంలో ఉన్నదే. మా రేవులో ఎవరినడిగినా చెప్తారు, అది నొక్కందే పడవ దిగరు."

"మాకెందుకు చెప్పలేదండీ?"

"బాగా పనిచేస్తున్నదాని గురించి కంపెనీకి ఎవరు ఫోన్ చేస్తారు మేడమ్?"

పెట్టె పైపైన తనంతట తాను తుడుచుకుంటుంది, అది నిజం. కానీ మూలల్లోకి పోదు. రోజూ లంగరు వేసి పెట్టె ఆపే పడవల్లో ఆ మూలల్లో చెత్త పేరుకుంటోంది. పేరుకుని పేరుకుని ఒక పొద్దున లేవదు. రెండు లేవలేదు, నేను ఉప్పుగాలి అన్నాను.

జాబితాలో ఎర్రముక్కు ఉంది.

మరదలికి ఫోన్ చేశాను. తమ్ముడు శనివారమే వెళ్ళాడట, దూరపు చేపల వేటకు. శుక్రవారం కానీ రాడు. రేవు ముఖద్వారంలో రెండు వైపులా ఇసుక మేటలు. వారం చివర్లో పొగమంచు అని వాతావరణం వాళ్ళు చెప్తున్నారు. పొగమంచులో ఆ సందులోంచి పడవను లోపలికి తెచ్చేది పెట్టే. రోజూ రాత్రి లంగరు వేసి, బ్యాటరీ మిగలాలని పెట్టె ఆపుతాడు. ఆపేముందు బుద్ధిగా ఆ బటను నొక్కుతాడు, ఇక భయం లేదనుకుని.

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. ఏమీ కానివ్వను" అన్నాను.

పాత వరసలన్నీ వెనక్కి పెట్టేశాను. గెడ్డాన్ని పిలిచి నా పక్కనే కూర్చోబెట్టుకుని పరీక్ష చేయించాను. "మీ అనుమానమే నిజమైంది" అంటే, "నా అనుమానం కీబోర్డు గురించేనండీ, ఇది నాకూ తట్టలేదు" అన్నాడు. మంచివాడు. రేవుల్లో ఉన్న పడవలకు సాయంత్రమే కొత్త అప్‌డేటు వెళ్ళిపోయింది. సముద్రం మీద ఉన్నవాటికి మా నెట్‌వర్కు అందదు.

అక్కడికి అందేది ఒక్కటే. రేవు రేడియో.

మార్చి 24, మంగళవారం

రేడియో గది రేవు ఆఫీసు మేడ మీద ఉంటుంది. కిటికీ కింద పెద్ద బల్ల, పెచ్చులూడిన గోడ, దాని మీద వెలిసిపోయిన పడవల పటం. రోజూ సాయంత్రం రేడియో ఆయన వాతావరణం చదువుతాడు, సముద్రం మీద ఉన్న ప్రతి పడవా చెవి ఒగ్గి వింటుంది. ఒక్కరికి చెప్పినా అందరికీ వినబడుతుంది. అదే నాకు గొంతులో ముల్లులా ఉంది, ఇప్పుడు రాస్తే సిగ్గేం లేదు. తమ్ముణ్ణి నేను నలుగురు పనివాళ్ళ ముందు అన్నాను. ఇప్పుడు నేను మాట్లాడాల్సింది సముద్రమంతటి ముందు.

రేడియో ఆయనను చదివిపెట్టమంటే సరిపోయేది. కాగితం కూడా తెచ్చాను. ఆయన చూసి, "ఎవరు తీసేశారని చెప్పమంటారు? కంపెనీ అని చదవనా?" అన్నాడు.

"కంపెనీ అంటే పట్టించుకుంటారా?"

"కంపెనీ మాటెవరు వింటారమ్మా?"

"అయితే నేనే చెప్తాను. మైకు ఇటివ్వండి."

"ఇంటి మాటలు వద్దు. పని మాటలే."

"రెండూ ఒకటేనండీ ఈసారి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, కానీ కుర్చీ ఇచ్చాడు.

వాతావరణం చదివాడు. శుక్రవారం తెల్లవారుజామున చిక్కటి పొగమంచు. తర్వాత పిలిచాడు. "ఎర్రముక్కు, ఎర్రముక్కు. రేవు పిలుస్తోంది."

గరగరమని శబ్దం. "చెప్పు రేవూ. ఎర్రముక్కు."

జనవరి తర్వాత వాడి గొంతు వినడం అదే.

"నేను. అక్కని" అన్నాను.

గరగర కూడా ఆగిపోయింది. అందరూ వింటున్నారని ఆ నిశ్శబ్దంలోనే తెలిసింది. చదవాల్సిన కాగితం పక్కన పెట్టేశాను.

"మీ పెట్టెల్లో శుభ్రం బటను ఇప్పుడు పనిచేయడం లేదు. ఎర్రముక్కులోనే కాదు, ఇప్పుడు సముద్రం మీదున్న ఏ పడవలోనూ చేయదు. నొక్కితే నొక్కినట్టే ఉంటుంది, తనిఖీ మాత్రం జరగదు. జరగకుండా చేసింది నేనే. ఎవరూ వాడటం లేదనుకుని నేను తీసేశాను."

ఎవరో ఇంకో పడవ నుంచి దూరాడు. "ఇదేంటమ్మా, మాకు చెప్పాపెట్టకుండా?"

"చెప్పాను బాబూ. చిన్న అక్షరాల్లో."

"సముద్రం మీద కళ్ళద్దాలు ఎవడు పెట్టుకుంటాడమ్మా!"

"నిజమే. ఇప్పుడు పెద్ద గొంతుతో చెప్తున్నాను, వినండి. పెట్టె ఆపొద్దు. రాత్రి కూడా ఆపొద్దు. బ్యాటరీ దిగితే ఇంజను వేసి నింపుకోండి. వెలుగుతున్న పెట్టె వెలుగుతూనే ఉంటుంది, ఆపితేనే లేస్తుందో లేదో చెప్పలేను. రేవులోకి వచ్చి తాడు కట్టాక మిగతాది నేను చూసుకుంటాను."

తర్వాత తమ్ముడు, మెల్లగా. "ఇవాళ పొద్దున మొదటిసారి లేవలేదు అక్కా. ఆపి మళ్ళీ వేస్తే లేచింది."

మైకును ఇంకా దగ్గరికి లాక్కున్నాను. "ఇప్పుడు వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"ఆ స్విచ్చి ముట్టుకోకు నాన్నా. ఒడ్డుకొచ్చేదాకా దాని జోలికి పోకు."

గరగర. మళ్ళీ గరగర. అప్పుడు వాడి మామూలు గొంతు, నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన వెటకారం గొంతు:

"స్విచ్చి నొక్కడం తప్ప వాడికేం తెలుసులే అన్నావు. సరే అని అదే నొక్కుకుంటూ బతుకుతున్నాను. ఇప్పుడు అదీ వద్దంటే, ఇంక నాకు ఉద్యోగం ఏం మిగిలిందే అక్కా?"

ఒకటి కాదు, పది పడవల నవ్వులు ఒక్కసారి వచ్చి పడ్డాయి రేడియోలో. రేడియో ఆయన కూడా నవ్వాడు. నేను మైకు బటను వదిలేశాను, వాళ్ళకు వినబడకూడదని. వదిలేసి ఏడ్చాను.

మార్చి 25, బుధవారం

సాయంత్రం రేడియో గదికి వెళ్ళాను. ఎర్రముక్కు పెట్టె వెలుగుతోంది.

మార్చి 26, గురువారం

వెలుగుతోంది. మేనేజరుకు మొత్తం చెప్పాను. "ఎవరి పేరు రాద్దాం?" అన్నాడు. నాదే రాయమన్నాను. తప్పు చేసినా నేనే చేశాను, దిద్దినా నేనే దిద్దాను, మధ్యలో ఇంకెవరి పేరో ఎందుకు? ఫోనక్క టీ తెచ్చిపెట్టి "తాగు నాన్నా" అంది.

మార్చి 27, శుక్రవారం

పొద్దున్నే రేవుకు వెళ్ళాను, చంకలో కీబోర్డుతో. మా ఆయన, మరదలు కూడా వచ్చారు. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే గట్టు చివర నిలబడిన మనిషి కనబడలేదు. పడవలు ఒకటొకటే హారను కొట్టుకుంటూ లోపలికి వస్తున్నాయి. మరదలు నా చేయి పట్టుకుంది. ధైర్యం చెప్పడానికి పట్టుకుందో, తనకు ధైర్యం కావాలని పట్టుకుందో నేను అడగలేదు. నేను మాత్రం గట్టిగానే ఉన్నాను. పెట్టె వెలుగుతూ ఉంటే వాడు వస్తాడు, ఆ పెట్టె సంగతి నాకు తెలుసు, వాడి సంగతీ తెలుసు.

ముందు ఎర్రముక్కు కనబడింది, తర్వాత దాని వెనక పడవ.

తాడు కట్టీ కట్టకముందే ఎక్కేశాను. వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను, ఇద్దరం పెట్టె వైపు చూశాం. అదే సులభం అప్పుడు.

"ఆపమంటావా?" అన్నాడు.

"ఆపు."

ఆపాడు. కీబోర్డు తగిలించాను. పెట్టె లేచేటప్పుడు, కొత్త పద్ధతి ప్రకారం, ఆ మాట టైపు చేశాను. తనిఖీ మొదలైంది. తెర మీద వరసలు పడటం మొదలుపెట్టాయి, తప్పు, సరిచేశాను, తప్పు, సరిచేశాను అని. ఆగదే! ఇంకొక్కసారి మామూలుగా ఆపి లేపి ఉంటే లేచేది కాదు. ఆ సంగతి వాడికి చెప్పాను. వాడు తల ఊపి, పొయ్యి వెలిగించి టీ నీళ్ళు పెట్టాడు.

"ఒకటి అడగనా? రోజూ ఎందుకు నొక్కేవాడివిరా ఆ బటను? రెండు మూడు నిమిషాలు ఊరికే పోతుంది కదా."

వాడు వింతగా చూశాడు. "నువ్వు చెప్పావుగా."

"నేనా?"

"ఈ పెట్టె బిగించిన రోజున. ఇక్కడే నిలబడి. 'పడవలో కరెంటుకు నమ్మకం లేదు తమ్ముడూ, ఆపేముందు రోజూ తనిఖీ పెట్టించు, బద్ధకించకు' అని. ఆ ఫైలు పెట్టడం నాకు చేతకాక మెకానిక్కుతో బటను చేయించుకున్నాను. మా అక్క చెప్పిందంటే మిగతావాళ్ళూ చేయించుకున్నారు."

నాకు గుర్తు లేదు. ఇప్పుడు కూర్చుని ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. చెప్పే ఉంటాను, అది అచ్చంగా నా మాటే. రేవంతటికీ నేర్పింది నేను, వాడటం లేదని తేల్చింది నేను. వాడి పెట్టె ఆలస్యంగా లేచింది వాడు నా మాట విన్నందుకు, దాన్ని పట్టుకుని నలుగురిలో వాణ్ణి తీసిపారేసింది కూడా నేనే.

"మరి ఆ రోజు ఎందుకు వెక్కిరించావు? టీ తాగేలోపు లేవదని?"

"వెక్కిరింపా! పొద్దున లేచింది మొదలు వల, ఇంజను, మంచు, అరుపులు. ఆ పెట్టె లేచేలోపు తాగే టీ ఒక్కటే నేను కూర్చుని తాగేది. ఆ మాటే మావాళ్ళకు చెప్తున్నాను. నువ్వే మధ్యలో కత్తి దూశావు."

మా ఆయన గట్టు మీద నుంచే అన్నాడు, "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు." ఈయనకు చెవులు మరీ పాము చెవులు.

"క్షమించరా" అన్నాను. రేడియోలో చెప్పనిది అదొక్కటే. వాడు వినబడనట్టు గ్లాసులు తీశాడు, నాకు పోసిన గ్లాసు నిండి పొర్లిపోయింది.

ఇద్దరం పెట్టె ముందు కూర్చుని తాగాం. తెర మీద వరసలు పడుతూనే ఉన్నాయి. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు.

మార్చి 31, మంగళవారం

పాత పద్ధతిని ఇంకొన్నాళ్ళు ఉంచడానికి మేనేజరు ముఖం మాడ్చుకునే ఒప్పుకున్నాడు. బటనును నేనే కొత్త పద్ధతికి కలిపాక, అన్ని రేవుల్లోనూ తెర మీద పెద్ద అక్షరాల్లో చెప్పాక, అప్పుడు ఆ ముసలి పద్ధతిని పంపిద్దాం. పంపించక మానను. రిటైరు చేయాలన్నది తప్పు కాదు, నేను ఇప్పటికీ అదే అంటాను. పంపేముందు ఆ ముసలాయన రోజూ ఏ పని చేస్తున్నాడో చూడాలి, అంతే.

మొదటి రోజు రాసింది తిరగేసి చూశాను. తమ్ముడి మాట గుర్తే లేదని రాశాను. కొట్టేయబుద్ధయింది, కొట్టేయలేదు.

సాయంత్రం పాత ప్రశ్నే మళ్ళీ వేయించాను. పడవలన్నీ వచ్చేశాయి, తనిఖీ చేసి ఫైలు చెరిపే పాత వరసలు మళ్ళీ అన్నింటిలోకీ ఎక్కాయి, పెట్టెలన్నీ వెలుగుతున్నాయి. గెడ్డం నా వెనక నిలబడి గెడ్డం గోక్కుంటున్నాడు. జవాబు వచ్చింది.

ఒక్క పెట్టెలోనూ ఆ ఫైలు లేదు.

అమ్మయ్య.